జూన్‌లో కాన్‌కూన్, చవక ఆల్ ఇన్‌క్లూజివ్ హోటల్, ఇంట్లో ఇద్దరు శాకాహారులు: తీసుకోవచ్చా?

మీ ప్రశ్నని కుదించి చెప్తాను. డాలస్ నుంచి జూన్ చివరి వారంలో మెక్సికోలోని కాన్‌కూన్‌కి అయిదు రాత్రులు. పెద్దవాళ్లు ఇద్దరు, తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు. మీరూ పాపా గుడ్డు కూడా ముట్టరు. మీవారు అన్నీ తింటారు, సాయంత్రం ఒకటో రెండో బీర్లు తాగుతారు. నలుగురికీ కలిపి రాత్రికి 250 డాలర్లు దాటని ఆల్ ఇన్‌క్లూజివ్ (గదీ తిండీ పానీయాలూ అన్నీ ఒకే ధరలో) హోటల్ తీసుకోవచ్చా, తిండికి ఇబ్బంది పడతామా, అమెరికాలో హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నాం కాబట్టి వీసా చిక్కులేమైనా ఉంటాయా అని అడిగారు.

తీసుకోవచ్చు. కానీ నక్షత్రాలూ కొలను ఫోటోలూ చూసి కాదు, హోటల్ ఏ వైపు సముద్రం మీద ఉందో చూసి బుక్ చేయండి. జూన్‌లో అది తప్పితే మిగతావన్నీ బాగున్నా పిల్లలు నీళ్లలో దిగకుండానే తిరిగి వస్తారు. తిండికి ఆకలితో పడుకోరు గానీ, ప్రతి పూటా అడిగి తినాలి. వీసా సంగతి మీ పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు గడువును బట్టి ఉంటుంది, చివర్లో రాశాను.

ముందు సముద్రం

కాన్‌కూన్ హోటల్ జోన్ పటంలో 7 అంకెలా కనిపిస్తుంది. ఒక పక్క కరీబియన్ సముద్రం, ఇంకో పక్క నిచుప్తే మడుగు, మధ్యలో బులెవార్ కుకుల్కాన్ అనే ఒకటే రోడ్డు. హోటళ్ల చిరునామాలన్నీ ఆ రోడ్డు మీద కిలోమీటరు నంబర్లే. లెక్క ఊరి వైపు నుంచి మొదలవుతుంది. సుమారు 3 నుంచి 9 దాకా ఉన్నది ఏడుకి పైగీత. అక్కడి తీరం ఉత్తరానికి, ఇస్లా ముహేరెస్ ద్వీపం వైపు తిరిగి ఉంటుంది. ద్వీపం అడ్డు ఉండటం వల్ల అలలు చిన్నవి, లోతు తక్కువ, నాలుగేళ్ల పిల్లాడు నడుము లోతులో ఆడుకోగలడు. 9వ కిలోమీటరు మూల తిరిగాక నిలువుగీత మొదలవుతుంది. ఆ తీరం తూర్పున తెరిచిన సముద్రానికి ఎదురుగా ఉంటుంది. నీలం రంగు, తెల్ల ఇసుక, ప్రకటనల్లో కనిపించేదంతా ఈ వైపే. అలలు గట్టిగా కొడతాయి, మనిషిని లోపలికి గుంజే ప్రవాహాలు కూడా ఉంటాయి. ఈత వచ్చిన పెద్దవాళ్లకే అక్కడ జాగ్రత్త అవసరం.

బీచ్‌ల మీద జెండాలు పెడతారు. పచ్చ అయితే పరవాలేదు, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే దిగవద్దు, నలుపు అయితే బీచ్ మూసినట్టే. తూర్పు తీరంలో పసుపూ ఎరుపూ మామూలే. ఎప్పుడైనా ప్రవాహం లాగితే దానికి ఎదురీదకండి. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక ఒడ్డు వైపు తిరగాలి.

జూన్‌లో అసలు బెడద సార్గాసమ్ అనే గోధుమరంగు నాచు. 2011 నుంచి అట్లాంటిక్ మీదుగా గుట్టలుగా కొట్టుకొచ్చి కరీబియన్ తీరాలకి చేరుతోంది. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఎక్కువ. తూర్పు గాలికి ఎదురుగా ఉండే తీరాలకి, అంటే కాన్‌కూన్ నిలువుగీత, ప్లాయా దెల్ కార్మెన్, తులుమ్ వైపు ముందు తగులుతుంది. ఒడ్డున పడి కుళ్లితే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. హోటళ్లు పొద్దున్నే ట్రాక్టర్లతో ఎత్తిస్తాయి కానీ చవక హోటల్లో పనివాళ్లు తక్కువ. ఖరీదైన హోటల్ ఎనిమిదింటికల్లా శుభ్రం చేసే ఇసుకని ఇక్కడ మధ్యాహ్నానికి గానీ ముట్టుకోరు. ఉత్తర తీరానికి నాచు రాదని కాదు, తూర్పుతో పోలిస్తే బాగా తక్కువ. సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం నెలనెలా సార్గాసమ్ బులెటిన్ విడుదల చేస్తుంది. బుక్ చేసేముందు అది చూడండి. హోటల్ సమీక్షల్ని కొత్తవి పైకి వచ్చేలా పెట్టి, గత వారం అతిథులు పెట్టిన బీచ్ ఫోటోలు కూడా చూడండి. హోటల్ వాళ్ల సొంత ఫోటోలు జనవరివి అయివుంటాయి.

అందుకని మీకు నా సలహా: చిరునామాలో కి.మీ. 3 నుంచి 8 మధ్య ఉన్న హోటల్. ఈ భాగంలో భవనాలు పాతవి, గదులు చిన్నవి, చాలా చోట్ల ఇసుక వెడల్పూ తక్కువే. ఆ పాతదనం వల్లే మీ ధరలో దొరుకుతాయి. 9వ కి.మీ. దరిదాపుల్లో నైట్‌క్లబ్బులు ఉన్నాయి, తెల్లవారుజాము దాకా పాటలు మోగుతాయి. పిల్లలతో అటు వద్దు. ప్లాయా దెల్ కార్మెన్‌లో ఇదే ధరకి కొత్త గదులు కనిపిస్తాయి. అక్కడ చవకవి కొన్ని సముద్రానికి రెండో వరసలో ఉండి, "బీచ్ క్లబ్" పేరుతో పది నిమిషాలు నడిపిస్తాయి. ఎండలో, బొమ్మలూ తువ్వాళ్లూ మోసుకుంటూ, నాలుగేళ్ల పిల్లాడితో ఆ నడక రోజుకి రెండుసార్లు ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇంకో సంగతి. మెక్సికోలో సముద్ర తీరమంతా చట్టప్రకారం ప్రజలదే. హోటల్ అమ్మేది బీచ్‌కి దారి, కుర్చీ, నీడ మాత్రమే. 18వ కి.మీ. దగ్గర ప్లాయా దెల్ఫినెస్‌లో హోటళ్లే లేవు, ఎవరైనా వెళ్లొచ్చు. దిగడానికి కాకపోయినా చూడ్డానికి ఒక సాయంత్రం వెళ్లండి. హోటల్ జోన్ రోడ్డు మీద బస్సులు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి, టాక్సీ అక్కర్లేదు. మడుగు వైపు ఒడ్డుకి మాత్రం పిల్లల్ని తీసుకెళ్లొద్దు, అందులో మొసళ్లున్నాయి. హెచ్చరిక బోర్డులు ఊరికే పెట్టినవి కావు.

గిట్టుబాటు అవుతుందా?

అదే తీరంలో గది మాత్రమే ఇచ్చే హోటల్ ధర చూసి, ఆల్ ఇన్‌క్లూజివ్ ధరలోంచి తీసేయండి. మిగిలింది మీరు తిండికి కడుతున్న డబ్బు. హోటల్ జోన్‌లో బయట తింటే నలుగురికి మూడు పూటలకీ మంచినీళ్లకీ చల్లటి పానీయాలకీ రోజుకి సుమారు 100 నుంచి 120 డాలర్లు వేసుకోండి. తేడా అంతకంటే తక్కువైతే ఆల్ ఇన్‌క్లూజివ్ లాభం. పిల్లలున్న ఇంటికి సాధారణంగా లాభమే, ఎందుకంటే రోజుకి ఆరుసార్లు జ్యూస్, నాలుగుసార్లు ఐస్‌క్రీమ్ అడుగుతారు.

లెక్క ఎక్కడ తిరగబడుతుందంటే, మీరు రోజూ బయటికి పోయేటట్టయితే. పాత మాయా కట్టడాలున్న చిచెన్ ఇట్జా కాన్‌కూన్ నుంచి దాదాపు 200 కిలోమీటర్లు, వెళ్లిరావడానికి రోజంతా పడుతుంది. పొద్దున్న ఆరున్నర ఏడింటికే వ్యాన్ వస్తుంది కాబట్టి టిఫినూ పోతుంది, భోజనమూ పోతుంది. అయిదు రాత్రుల్లో అలాంటివి రెండు మించితే గది మాత్రమే తీసుకోండి. ఒక పెద్ద యాత్ర, ఒకటి ఇస్లా ముహేరెస్‌కి (ఫెర్రీ ఇరవై నిమిషాలు) పెట్టుకుంటే సరిపోతుంది. బయటికి వెళ్లే ముందురోజు సాయంత్రం రిసెప్షన్‌లో బాక్స్ లంచ్ కావాలని చెప్పండి, చాలా హోటళ్లు ఇస్తాయి. చెప్పకపోతే అందులో హామ్ శాండ్‌విచ్ పెడతారు.

ధర చూసేటప్పుడు అది గదికా, మనిషికా అని తప్పక చూడండి. మెక్సికో ఆల్ ఇన్‌క్లూజివ్‌లలో ఇద్దరు పెద్దవాళ్లకి ఒక గది అన్న లెక్కన మనిషికి ధర చూపించడం మామూలు. పన్నెండేళ్ల లోపు పిల్లలు ఉచితమని చాలాచోట్ల ఉంటుంది, కానీ ఏ వయసు దాకా, ఎంతమంది అన్నది హోటల్‌కో తీరు. బుకింగ్‌లో పిల్లల వయసులు సరిగ్గా ఇవ్వకపోతే దిగాక కౌంటర్‌లో కట్టించుకుంటారు. వీటికి తోడు కాన్‌కూన్ పురపాలిక వేసే పారిశుద్ధ్య పన్ను గదికి రాత్రికి ఇంత అని హోటల్లోనే విడిగా తీసుకుంటారు. కొన్ని డాలర్లే, మోసం కాదు. గదిలో లాకర్‌కి అద్దె, వైఫై లాబీలో మాత్రమే ఉచితం, బీచ్ తువ్వాలు కార్డు పోతే జరిమానా, ఇవన్నీ చవక హోటళ్ల మామూళ్లు. ముందే ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

తిండి: ఏది తినొచ్చు, ఏది తినకూడదు

శాకాహారులకి ఇక్కడ కనపడే మాంసం కంటే కనపడని మాంసంతో చిక్కు. బఫేలో చూడ్డానికి శాకాహారంలా ఉండేవాటిలో ముందుగా అనుమానించాల్సినవి ఇవి. ముద్దగా నలిపి వేయించిన బీన్స్‌లో పంది కొవ్వు వేయడం ఆనవాయితీ. ఎర్ర అన్నాన్ని, చాలాసార్లు తెల్లన్నాన్ని కూడా చికెన్ ఉడికించిన నీళ్లతో వండుతారు. కూరగాయల సూప్‌కీ, చిలాకిలెస్ (వేయించిన టోర్టియా ముక్కలు) మీద పోసే సల్సా పచ్చడికీ అదే నీళ్లు. గోధుమ టోర్టియాల్లో (మన రొట్టెల్లాంటివి) పంది కొవ్వు ఉండొచ్చు. పిల్లలు ఎగబడే రంగురంగుల జెల్లీ జెలటిన్‌తో చేసింది, అది జంతువులదే. ఫ్లాన్, కేకులు, పాన్‌కేకుల్లో గుడ్డు ఉంటుంది.

నిశ్చింతగా తినేవి: మొక్కజొన్న టోర్టియా (మొక్కజొన్న, సున్నం, నీళ్లు అంతే), గ్వాకమోలె (అవకాడో పచ్చడి), పండ్లు, పెనం మీద ఎదురుగా చేసిచ్చే చీజ్ కేసడియా (చీజ్ పెట్టి మడిచిన మొక్కజొన్న టోర్టియా), పాస్తా కౌంటర్. పాస్తావాళ్లు ముందు బేకన్ వేయించిన పెనమే వాడతారు, కొత్త పెనం అడగండి. నొపాలెస్ అని నాగజెముడు ఆకుల కూర ఉంటుంది. బెండకాయలా కొంచెం జిగురు, పులుపు, మన నోటికి బాగానే ఉంటుంది. కారం చాలకపోతే హబనేరో సల్సా అడగండి. ఆ మిరప యుకతాన్ ప్రాంతపు సొంత పంట, పచ్చిమిర్చి తిన్నట్టు చెంచాతో వేసుకోకుండా ముందు చుక్క రుచి చూడండి.

వంటవాళ్లతో "సిన్ కార్నే" (మాంసం లేకుండా) అని ఒక్కమాట చెప్తే చాలదు. కార్నే అంటే వాళ్ల లెక్కలో తరచూ గొడ్డుమాంసమే, కోడినీ హామ్‌నీ తీయరు. ఈ వాక్యం స్పానిష్‌లో ఫోన్‌లో రాసి ఉంచుకుని చూపించండి: "సోయ్ వెహెతారియానా. నో కోమో కార్నే, ని పోయో, ని పెస్కాదో, ని హామోన్, ని వేవో, ని మంతేకా." అంటే, నేను శాకాహారిని, మాంసం, కోడి, చేప, హామ్, గుడ్డు, పంది కొవ్వు ఏదీ తినను అని. కోడి నీళ్ల గురించి విడిగా "కాల్దో దె పోయో?" అని అడగాలి. మొదటి రోజు భోజనాల గది పెద్దని కలిసి, ఎన్ని రోజులు ఉంటారో చెప్పి, కోడి నీళ్లు లేకుండా అన్నం విడిగా వండిపెట్టమని అడగండి. అన్ని హోటళ్లూ కాదనవు. ముందురోజే చెప్పాలి, రద్దీ సమయంలో అడిగితే ఎవరూ వినరు. నా దగ్గర ప్లాన్ చేయించుకున్న కుటుంబాల్లో ఈ పని మొదటి రోజే చేసినవాళ్లు అయిదు రోజులూ అన్నం తిన్నారు. మూడో రోజు చేసినవాళ్లు మూడు రోజులు బ్రెడ్డూ పండ్లూ తిన్నారు.

ఆ అన్నం దొరికితే టిఫిన్ దగ్గర పెట్టే తీపి లేని పెరుగు ("యోగుర్ నాతురాల్") ఉండనే ఉంది. ఇంటినుంచి కందిపొడి, కారప్పొడి, ఊరగాయ సీలు వేసిన ప్యాకెట్లలో తీసుకెళ్లండి. కరివేపాకు, పచ్చి కాయలు, విత్తనాలు వద్దు, కస్టమ్స్‌లో ఆపుతారు. గదిలో వండుకోవడం నిషేధం. వేడినీళ్లు పోస్తే అయిపోయే ఉప్మా, పోహా కప్పులు, చిన్న కెటిల్ చాలు. కరెంటు 127 వోల్టులు, ప్లగ్గు అమెరికాదే, అడాప్టర్ అక్కర్లేదు.

బఫే కాకుండా బల్ల దగ్గరికి వడ్డించే రెస్టారెంట్లు రెండు మూడు ఉంటాయి. చవక హోటళ్లలో అయిదు రాత్రులకి ఒకటి రెండు భోజనాలకే అనుమతి, అది కూడా ముందు రాయించుకోవాలి. చెక్-ఇన్ అయిన వెంటనే ఆ పుస్తకంలో పేరు రాయించండి. ఇటాలియన్ ఉంటే మీకు అదే మేలు. మగవాళ్లకి పొడుగు ప్యాంటు, మూసిన చెప్పులు లేకపోతే కొన్నిచోట్ల లోపలికి రానివ్వరు.

మీవారి బీరు చిన్న ప్లాస్టిక్ గ్లాసులో పోస్తారు, నాలుగు గుక్కలకి అయిపోతుంది. ఒక పెద్ద ఇన్సులేటెడ్ టంబ్లర్ తీసుకెళ్తే అందులో పోస్తారు, చల్లగా ఉంటుంది. పిల్లలకి పినా కొలాడా లాంటివి అడిగినప్పుడు "సిన్ ఆల్కోల్" అని చెప్పండి. ఇచ్చేముందు మీరొక గుక్క తాగి చూడండి. రద్దీగా ఉన్న బార్‌లో గ్లాసులు తారుమారవుతాయి.

కడుపు

కుళాయి నీళ్లు తాగొద్దు, పళ్లు తోముకోవడానికి కూడా సీసా నీళ్లే వాడండి. హోటల్లో ఐస్ శుద్ధి చేసిన నీళ్లతో చేస్తారు, దాంతో సాధారణంగా ఇబ్బంది లేదు. ఇబ్బంది గోరువెచ్చగా మిగిలిపోయిన బఫే పళ్లాలతో. వండిన పదార్థం 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య రెండు గంటలు ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి. చవక హోటల్లో పళ్లాలు మార్చడం నెమ్మది, కింద దీపాలు ఆరిపోయినా చూసేవాళ్లుండరు. భోజనశాల తెరిచిన మొదటి అరగంటలో తినండి, ఆవిరి రాని పళ్లెం జోలికి పోవద్దు, ఎదురుగా చేసిచ్చేది ఉంటే అదే తీసుకోండి. ఎండలో చాలాసేపు బయట పెట్టిన మయోనైజ్ సలాడ్లు పిల్లలకి పెట్టకండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇంటినుంచే తీసుకెళ్లండి. అయిపోతే ఏ ఫార్మసీలోనైనా "సువేరో ఒరాల్" అంటే ఇస్తారు. పిల్లలకి జ్వరం, రక్తవిరేచనాలు, లేదా నీళ్లు కూడా నిలవకపోతే డాక్టర్ దగ్గరికే. క్రెడిట్ కార్డు లేదా విడి పాలసీ ద్వారా ప్రయాణ వైద్య బీమా ఉందో లేదో బయల్దేరేముందే చూసుకోండి.

గదిలోకి వెళ్లగానే

పెట్టెలు విప్పకముందు పది నిమిషాలు కేటాయించండి. ఏసీ వేసి చల్లబడుతుందో లేదో, వేడినీళ్లు వస్తున్నాయో లేదో, తలుపు లోపలి గడియ, బాల్కనీ తలుపు గడియ పడుతున్నాయో లేదో చూడండి. చాలాచోట్ల బాల్కనీ తలుపు తెరిస్తే ఏసీ దానంతటదే ఆగుతుంది, అది చెడిపోయినట్టు కాదు. పరుపు, దుప్పటి తడిగా, బూజు వాసనగా ఉంటే అప్పుడే గది మార్చమనండి. జూన్ తేమలో ఆ వాసన పోదు, మొదటి గంటలో ఖాళీ గదులుంటాయి, రాత్రికి ఉండవు. బాల్కనీ దగ్గర కుర్చీలూ బల్లా గోడవారకి జరపండి, నాలుగేళ్ల పిల్లాడు ఎక్కగలిగిన ఎత్తులో ఏమీ ఉండకూడదు. కొలను దగ్గర లైఫ్‌గార్డు ఉంటాడని అనుకోవద్దు, మీ ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ కళ్లప్పగించి ఉండాలి.

గది మూడింటికి గానీ ఇవ్వరు. మధ్యాహ్నమే చేరినా చేతికి పట్టీ కట్టేస్తారు, పెట్టెలు వాళ్ల దగ్గర పెట్టి భోజనం చేయొచ్చు, ఈదొచ్చు. అందుకని ఈత బట్టలు, సన్‌స్క్రీన్ చేతి సంచిలోనే పెట్టుకోండి. దోమలకి డీట్ లేదా ఇకారిడిన్ ఉన్న మందు రాయండి, ఆ ప్రాంతంలో డెంగీ ఉంది. జూన్ 1తో తుఫానుల కాలం మొదలవుతుంది. చివరి వారానికి పెద్ద తుఫాను అరుదే గానీ మధ్యాహ్నం ఉరుముల వాన మామూలు. సముద్రం పని పొద్దున్నే ముగించండి. జూన్‌లో కాన్‌కూన్ గడియారం డాలస్‌తో సమానం, చలికాలంలో అయితే గంట ముందుంటుంది.

విమానాశ్రయం

కస్టమ్స్ దాటాక ఒక హాలు వస్తుంది. అక్కడ యూనిఫారంలో ఉన్నవాళ్లు మీ హోటల్ పేరు అడిగి, టాక్సీ అని ఒకరు, ఉచిత టూర్ టికెట్లని ఒకరు ఆపుతారు. వాళ్లు టైమ్‌షేర్ (ఏటా కొన్ని రోజులు రిసార్టులో ఉండే హక్కు) అమ్మేవాళ్లు. ఆగకుండా భవనం బయటికి నడవండి. ముందే బుక్ చేసుకున్న వ్యాన్ డ్రైవర్ బోర్డు పట్టుకుని బయటే ఉంటాడు. హోటల్లో కూడా మర్నాడు "స్వాగత బ్రేక్‌ఫాస్ట్" అని పిలుస్తారు. తొంభై నిమిషాలంటారు, పూట పోతుంది. వద్దని మర్యాదగా చెప్పండి, చేతి పట్టీ రంగు మార్చి ఇంకా మంచి సదుపాయాలిస్తామన్నా సరే.

కాన్‌కూన్ ఉన్న కింతానా రో రాష్ట్రం 2021 నుంచి విదేశీ పర్యాటకుల మీద విసిటాక్స్ అనే పన్ను వేస్తోంది. రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మాత్రమే కట్టండి. అదే పేరుతో రెట్టింపు తీసుకునే నకిలీ సైట్లున్నాయి. చిరునామా చివర ప్రభుత్వ డొమైన్ ఉందో లేదో చూసుకోండి. కార్డు యంత్రం డాలర్లలో తీయాలా పెసోల్లో తీయాలా అని అడిగితే పెసోలే నొక్కండి. టిప్పులకి ఒక డాలర్ నోట్లు తీసుకెళ్లండి. నాణేలు వద్దు, అక్కడ వాటిని బ్యాంకులు మార్చవు.

వీసా

గడువు ఉన్న అమెరికా వీసా స్టాంపు గానీ గ్రీన్‌కార్డు గానీ ఉంటే భారతీయులకి మెక్సికో వీసా అక్కర్లేదు. స్టాంపు పాత పాస్‌పోర్టులో ఉంటే రెండు పాస్‌పోర్టులూ తీసుకెళ్లండి. స్టాంపు గడువు తీరి ఐ-797 (హెచ్-1బి ఆమోద పత్రం) మాత్రమే ఉంటే అది మెక్సికోకి చాలదు. ముందుగా మెక్సికో కాన్సులేట్‌లో వీసా తీసుకోవాలి. అమెరికాలో పుట్టిన పిల్లలకి అమెరికా పాస్‌పోర్టు ఉండాలి, విమానానికి బర్త్ సర్టిఫికెట్ పనికిరాదు.

స్టాంపు గడువు తీరినవాళ్లు తిరిగి రావడానికి ఆటోమేటిక్ రీవ్యాలిడేషన్ అనే వెసులుబాటు ఉంది. మెక్సికోలో 30 రోజులు మించకూడదు, మధ్యలో వేరే దేశం వెళ్లకూడదు, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ప్రవేశ పత్రం) గడువు ఉండాలి. అక్కడ ఉండగా అమెరికా వీసాకి దరఖాస్తు చేస్తే ఈ వెసులుబాటు పోతుంది. ఐ-94, ఐ-797 కాగితం మీద తీసి వెంట ఉంచుకోండి, తిరుగు విమానం కౌంటర్‌లో ఈ నియమం తెలియని సిబ్బంది ఉండొచ్చు.

డాలస్‌లో దిగిన రోజే కొత్త ఐ-94 డౌన్‌లోడ్ చేసి తేదీ చూడండి. పాస్‌పోర్టు గడువు ఐ-797 కంటే ముందే తీరేటట్టయితే అధికారి పాస్‌పోర్టు తేదీ దాకానే ఇస్తాడు, ఆ తర్వాత ఉన్న ప్రతి రోజూ అక్రమంగా ఉన్నట్టు లెక్క. మీ నలుగురి పాస్‌పోర్టుల గడువులూ టికెట్లు కొనేముందే చూసుకోండి, రెన్యూ చేయించాల్సినవి ఉంటే ముందు ఆ పని ముగించండి.